ఆ అరగంట మీదే

వేడెక్కిన బండికి రేడియేటర్ మూత తీయకూడదన్న సంగతి తెలియని డ్రైవరు ఉండడు. స్టీరింగు పట్టక ముందే, క్లీనరుగా తిరిగే రోజుల్లోనే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. ఎవరూ చెప్పకపోయినా మూత మీదే హెచ్చరిక అచ్చేసి ఉంటుంది. అయినా ఎండలు ముదిరేసరికి ముఖం, మెడ, ఛాతీ, చేతులు కాలినవాళ్లు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. ఎందుకు తీశావయ్యా అని అడిగితే, ‘తెలుసు సార్, టైం లేక’ అంటారు. కాబట్టి ఈ అధ్యాయంలో మీకు తెలియని రహస్యమేదీ చెప్పబోవడం లేదు. తెలిసిన విషయాన్ని తొందరలో ఉన్నప్పుడు కూడా పాటించడం ఎలా అన్నదే ఇక్కడ మన పని.

ముందుగా ఆ మూత కింద ఏం జరుగుతోందో లెక్క కట్టి చూద్దాం. లెక్క ఒకసారి బుర్రకెక్కితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని బడిలో చదువుకున్నాం. రేడియేటర్‌లో నీళ్లు అలా మరిగిపోతుంటే ఇంజను బతకదు. అందుకని మూతలో గట్టి స్ప్రింగు పెట్టి, లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువ ఉండేలా చేస్తారు. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ చేసేదీ ఇదే. ఆ ఒత్తిడిలో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా నీళ్లలాగే ఉంటాయి. కూలెంట్ కలిపి ఉంటే ఇంకాస్త పైకి వెళతాయి. ఇప్పుడు మీరు మూత తిప్పారు. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది. ఆ నీళ్లకు ఇక 120 డిగ్రీల దగ్గర ఉండే వీలు లేదు. పైనున్న ఇరవై డిగ్రీల వేడి కొంత నీటిని అక్కడికక్కడే ఆవిరి చేసేస్తుంది. లోపల పది లీటర్లుంటే అందులో 350 మిల్లీలీటర్లకు పైగా ఆవిరవుతుంది. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. కానీ లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. అంటే సుమారు 600 లీటర్ల ఆవిరి, మిగిలిన మరుగునీళ్లను కూడా వెంటేసుకుని, పిడికిలి కూడా పట్టని మూతిలోంచి బయటికి రావాలి. సరిగ్గా ఆ మూతి మీదకే మీరు వంగి ఉంటారు.

ఆవిరితో ఇంకో చిక్కు ఉంది. అది చర్మం మీద పడి నీరుగా మారేటప్పుడు గ్రాముకు 540 కేలరీల వేడి అక్కడే వదిలేస్తుంది. అందుకే మరుగునీళ్లు పడ్డ చోటు కన్నా ఆవిరి కొట్టిన చోటు లోతుగా కాలుతుంది. చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందన్నది అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1947లోనే తేల్చారు. 60 డిగ్రీల నీళ్లయితే సుమారు ఐదు సెకన్లు. 70 డిగ్రీలయితే ఒక్క సెకను. ఇక నూరు డిగ్రీల సంగతి చెప్పేదేముంది? ‘పొంగగానే వెనక్కి దూకేస్తాలే’ అనేవాళ్ల ధీమాకు ఈ అంకెల్లో చోటు లేదు.

ఇప్పుడు రోడ్డు మీదకు వద్దాం. మే నెల సాయంత్రం, నిండు లోడుతో ఒక డీసీఎం శ్రీశైలం నుంచి హైదరాబాదుకు బయల్దేరిందనుకోండి. డ్యామ్ దాటగానే ఈగలపెంట వైపు ఎక్కుడు, మలుపు మీద మలుపు. చిన్న గేరులో ఇంజను మూలుగుతోంది. బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి రేడియేటర్‌కు తగిలే గాలి తక్కువ, భారం ఎక్కువ కాబట్టి పుట్టే వేడి ఎక్కువ. అది పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. ఏడున్నర అయ్యింది. టెంపరేచర్ సూది ఎర్రగీతను తాకింది, ముందువైపు నుంచి పొగలు మొదలయ్యాయి. అంతలో ఫోను. ‘ఎక్కడున్నావ్? గేటు దాటావా లేదా?’ డ్రైవరు బండి పక్కకు తీసి క్లీనరు కుర్రాణ్ని కేకేస్తాడు. ‘రేయ్, ఆ డబ్బా అందుకో. మూత తీసి నీళ్లు పోసెయ్, పోదాం.’

ఈ దృశ్యంలో నిర్ణయం ఎవరిదో గమనించండి. కంగారు ఓనరుది. గడువు గేటుది. మాట డ్రైవరుది. ముఖం మాత్రం కుర్రాడిది. షెడ్డుల్లోనూ ఇదే వరస. కస్టమరు మేస్త్రిని తొందరపెడతాడు, మేస్త్రి పెద్ద మెకానిక్కును, అతను హెల్పర్‌ను. మెట్టు మెట్టుకూ దిగుతూ వచ్చిన తొందరంతా చివరికి ఎవరికి ఎదురుచెప్పే వీలు లేదో వాడి చేతిలో పడుతుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని చట్టం ఉంది. ఆ వయసు దాటినవాళ్లయినా ‘నేను తియ్యను అన్నా’ అని ఎంతమంది అనగలరు? మీరు డ్రైవరో మేస్త్రో అయితే ఈ పుస్తకంలోంచి ఒక్క నియమం పెట్టుకోండి చాలు. మూత తీసే పని కుర్రాళ్లకు చెప్పకూడదు, చల్లారాక మీరే తీయాలి. తన ముఖానికే ఎసరు అని తెలిసినప్పుడు మనిషి తనంతట తానే నిదానిస్తాడు.

తొందర గురించి జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చేసిన పరిశోధన మనకు బాగా పనికొస్తుంది. ‘జాగ్రత్తగా ఉంటాను’ అని అనుకున్నవాడికన్నా, ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని ముందే ముడివేసి పెట్టుకున్నవాడు అనుకున్నది చేసే అవకాశం ఎక్కువని ఆయన చూపించాడు. కంగారులో బుర్ర కొత్తగా ఆలోచించదు, ముందే తేల్చి పెట్టింది ఉంటే దాన్ని పట్టుకుంటుంది. కాబట్టి ఇంట్లో కూర్చుని, చల్లగా ఉన్నప్పుడే ఈ వాక్యం తయారుచేసుకోండి. ‘బండి పొంగితే, ఇంజను ఆపి, నీళ్ల డబ్బా ముట్టకముందు ఓనరుకు ఫోను చేస్తాను.’

నీళ్ల కన్నా ముందు ఫోను ఎందుకంటే, బండి చల్లారే ఆ అరగంటను మీ పేర రాయించుకోవాలి. ఎలా మాట్లాడాలో కూడా చెబుతాను. ‘అన్నా, బండి హీటెక్కింది, కాసేపు ఆగమంటావా?’ అని అడగొద్దు. అడిగితే వచ్చే జవాబు మీకు తెలుసు. ‘అన్నా, బండి హీటెక్కి పొంగింది. చల్లారేదాకా ఆగుతున్నాను. ఇప్పుడు నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది’ అని చెప్పండి. చివరి మాట ఉత్త బెదిరింపు కాదు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పడితే సిలిండర్ హెడ్డుకు నిజంగానే పగులు రావచ్చు. మీ చర్మం గురించి ఓనరుకు ఎంత బెంగ ఉంటుందో నాకు తెలియదు గానీ, హెడ్డు గురించి మాత్రం తప్పకుండా ఉంటుంది. ఏ వైపు నుంచి చెబితే వింటారో ఆ వైపు నుంచి చెప్పడం తప్పేమీ కాదు.

ఫోను పెట్టేశాక ఏం చెయ్యాలి? పొగ వస్తుంటే బానెట్ జోలికి వెంటనే పోవద్దు, దాని సందుల్లోంచి కూడా ఆవిరి చేతిని కొడుతుంది. పొగ తగ్గాక తెరిచి, దూరంగా నిలబడండి. కనీసం అరగంట. పెద్ద ఇంజను, మండే ఎండ అయితే ఇంకా ఎక్కువే పడుతుంది. గడియారం ఒక్కదాన్నే నమ్మకుండా పై హోస్ పైపును చూడండి. మందపాటి గుడ్డ అడ్డం పెట్టి నొక్కితే రాయిలా బిర్రుగా ఉంటే ఒత్తిడి ఇంకా లోపలే ఉంది. మెత్తగా అణిగి, ముట్టుకుంటే చెయ్యి ఓర్చుకునే వేడే ఉంటే అప్పుడు మూత దగ్గరకు వెళ్లొచ్చు. ముఖం పక్కకు తిప్పి, చెయ్యి చాపి, పొడిగా ఉన్న మందపాటి గుడ్డతో మూతను మొదటి మెట్టు దాకా తిప్పి ఆపండి. ఉస్సుమని చప్పుడొస్తే ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా కదపొద్దు. తడిగుడ్డ వాడితే చల్లగా ఉంటుందని కొందరు అనుకుంటారు. పొడిగుడ్డ కన్నా తడిగుడ్డలోంచే వేడి చేతికి త్వరగా చేరుతుంది.

రెండు చోట్ల అనుభవజ్ఞులు కూడా పప్పులో కాలేస్తారు. ఒకటి, పక్కనుండే ప్లాస్టిక్ కూలెంట్ డబ్బా. పాత బండ్లలో అది ఉత్త నిలవ డబ్బా, ఒత్తిడి ఉండేది కాదు. ఇప్పుడొస్తున్న చాలా బండ్లలో ఒత్తిడి మూత ఆ డబ్బాకే ఉంటుంది. రేడియేటర్ ముట్టుకోలేదు కదా, డబ్బానే కదా అని తిప్పితే అదీ అదే తీరున ఎగజిమ్ముతుంది. రెండోది టెంపరేచర్ సూది. ఎర్రగీత దాకా వెళ్లిన సూది ఉన్నట్టుండి కిందికి దిగితే చల్లబడిందని సంబరపడొద్దు. నీళ్లన్నీ కారిపోయి సెన్సర్ చుట్టూ ఏమీ లేకపోయినా సూది అలాగే దిగుతుంది. అప్పుడు ఇంజను మాడిపోతూ ఉంటుంది.

అసలు బండి పొంగే దాకా రానివ్వడమెందుకన్నది న్యాయమైన ప్రశ్నే. ఫ్యాన్ బెల్టు వదులవడం, హోస్ పైపు పగలడం, థర్మోస్టాట్ పట్టేయడం, వాటర్ పంపు అరగడం వంటి కారణాలు ఏ మేస్త్రిని అడిగినా చెబుతాడు. మన దగ్గర బోరునీళ్ల గొడవ ఒకటి అదనం. దాబా దగ్గర దొరికిన బోరునీళ్లు పట్టి పోస్తూ పోతే, కాగే బిందె అడుగున పట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ తెల్లటి సున్నం పేరుకుంటుంది. నీళ్లు నిండుగానే ఉంటాయి, వేడి మాత్రం బయటికి పోదు. కూలెంట్ డబ్బు దండగ అనుకునే ఓనర్లు ఒక రేడియేటర్ కోయించి లోపల చూస్తే మనసు మార్చుకుంటారు.

వరికోత మిషన్ల కథ వేరు. యాసంగి కోతలు ఏప్రిల్, మే ఎండల్లో పడతాయి. పొలంలో లేచే తాలు, నుసి, దుమ్ము అంతా రేడియేటర్ జాలీకి అతుక్కుని గాలి ఆడకుండా చేస్తుంది. పక్క రైతు ‘వాన పడేట్టుంది, నా మడి కూడా కానియ్యి’ అని గట్టు మీద నిలబడి ఉంటాడు. ఆపరేటరు ఇంజను నడుస్తుండగానే జాలీ తీసి చేత్తో దులపబోతాడు. అక్కడ ప్రమాదం ఒక్క ఆవిరితోనే కాదు, పక్కనే ఎర్రగా కాగిన సైలెన్సర్ గొట్టం, తిరిగే ఫ్యాను కూడా ఉన్నాయి. ఎకరం ఎకరానికీ మిషను ఆపి జాలీ దులిపే ఆపరేటరును రైతులు బద్ధకస్తుడంటారు. నన్నడిగితే పనిమంతుడంటే అతనే.

సైలెన్సర్ మాట వచ్చింది కాబట్టి మిగతావీ చెప్పేసుకుందాం. టర్బో దగ్గర పొగ వేడి కొన్ని వందల డిగ్రీలుంటుంది, బండి ఆపి చాలాసేపయినా ముట్టుకునే లెక్క కాదు. ఆయిల్ మార్చేటప్పుడు వేడిగా ఉంటే బాగా దిగుతుందని కాగిన ఇంజను కిందే దూరి బోల్టు విప్పుతారు. వంద డిగ్రీల ఆయిల్ మోచేతి దాకా జారి, నీళ్లలా కారిపోకుండా అతుక్కుంటుంది. గోరువెచ్చగా ఉంటే చాలు, ఆయిల్ బాగానే దిగుతుంది. బట్టల సంగతి చిన్నదే గానీ ముఖ్యం. పాలిస్టర్ చొక్కా వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. నిండు చేతుల నూలు ఖాకీ వేసుకోండి. ఉంగరం, కడియం, ఇనప గడియారం పనిలో ఉన్నంతసేపూ జేబులో ఉండాలి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పుకున్నా ఎక్కడో ఒకచోట కాలుతుంది. కాలాక మొదటి ఇరవై నిమిషాల్లో పక్కనున్నవాడు చేసే పని మీదే గాయం ఎంత లోతుకు దిగుతుందన్నది చాలావరకు ఆధారపడుతుంది. షెడ్డుల్లో సాధారణంగా జరిగేదేమిటంటే, ఒకడు టూత్‌పేస్టు తెస్తాడు, ఇంకొకడు పసుపంటాడు, పాతకాలపు మేస్త్రి అయితే గ్రీజే పూసేస్తాడు. కోడిగుడ్డు తెల్లసొన, సిరా, నెయ్యి, తేనె కూడా వింటుంటాం. ఇవన్నీ లోపలి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, పైగా ఆసుపత్రిలో వాటిని గీకి తీసేటప్పుడు ఆ నొప్పి వేరే. ఐసుగడ్డ కూడా వద్దు, కాలిన చర్మానికి రక్తం అందకుండా చేసి ఇంకా చెడగొడుతుంది.

కావలసినవి నీళ్లే. మామూలు చల్లటి కుళాయి నీళ్లు, ధారగా, ఇరవై నిమిషాలు. మంట తగ్గింది చాలు అనిపించినా ఆపొద్దు. వేడి చర్మం కింద ఇంకా దిగుతూనే ఉంటుంది, నీళ్లు దాన్ని అక్కడ ఆపుతాయి. వెంటనే కుదరకపోతే కాలిన మూడు గంటల లోపు పోసినా మేలే. మరుగునీళ్లు పీల్చుకున్న చొక్కా వేడిని ఒంటికి పట్టి ఉంచుతుంది, కనక నీళ్లు పోస్తూనే దాన్ని తీసెయ్యాలి. చర్మానికి అతుక్కున్న గుడ్డను మాత్రం లాగకుండా చుట్టూ కత్తిరించి వదిలేయాలి. వాపు రాకముందే ఉంగరాలు, చేతి దారాలు, మొలతాడు తీసేయాలి. రోడ్డు మీద కుళాయి ఎక్కడ దొరుకుతుందంటారా? క్యాబిన్‌లో 20 లీటర్ల తాగునీళ్ల క్యాను ఉంటుంది కదా. నిమిషానికి లీటరు చొప్పున సన్నగా వంచితే సరిగ్గా ఇరవై నిమిషాలకు వస్తుంది. ఒంటి మీద చాలా భాగం కాలితే మిగతా ఒళ్లు చల్లబడి వణుకు పుట్టకుండా దుప్పటి కప్పండి.

తర్వాత శుభ్రమైన పొడి గుడ్డో, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొరో వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బొబ్బలు చిదమకూడదు. ఏ కాలిన గాయానికి డాక్టరు కావాలన్నది గుర్తుపెట్టుకోవడం తేలిక. గాయపడ్డ మనిషి అరచెయ్యి, వేళ్లతో కలిపి, అతని ఒంట్లో సుమారు ఒక శాతం. అంతకు మించి కాలితే వెళ్లాలి. ముఖం, కళ్లు, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గరయితే ఎంత చిన్నదైనా వెళ్లాలి. కంట్లో పడితే కన్ను తెరిచి ఉంచి నీళ్లు పోస్తూనే 108కి ఫోను చెయ్యాలి. ఆవిరి పీల్చాక గొంతు బొంగురుపోయినా, దగ్గు ఆగకపోయినా ఆలస్యం చెయ్యొద్దు. ఇంకొక్క మాట. కాలిన చోటు తెల్లగానో, తోలులాగానో మారి నొప్పే తెలియకపోతే అది తగ్గినట్టు కాదు. నొప్పి తెలిపే నరాలు కూడా కాలిపోయినంత లోతు గాయం అది.

మెకానిక్కుకు వేళ్లే ఆస్తి. చెయ్యి కాలి మానేటప్పుడు చర్మం ముడుచుకుని వేళ్లు వంకర తిరిగి ఉండిపోవచ్చు. డాక్టరు పట్టీ వేసి ఫలానా వ్యాయామం చెయ్యమంటే, నొప్పిగా ఉందని మానెయ్యకండి. స్పానర్ మళ్లీ పట్టగలరా లేదా అన్నది ఆ వారాల్లోనే తేలిపోతుంది.

డబ్బు విషయం క్లుప్తంగా. పనిలో ఉండగా గాయపడ్డ ఉద్యోగికి యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం మన దేశంలో 1923 నుంచీ ఉంది, ఇప్పుడది 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో భాగం. గాయం వల్ల మూడు రోజులకు మించి పని చేయలేకపోతే అది వర్తిస్తుంది. లారీకి తప్పనిసరిగా చేయించే బీమాలో జీతం డ్రైవరుకు ఇవ్వాల్సిన ఈ పరిహారం బాధ్యత కూడా కలిసే ఉంటుంది, కాబట్టి ‘నా జేబులోంచి ఎక్కడ తేను?’ అన్న ఓనరుకు ఆ కాగితం చూపించొచ్చు. నెలజీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ కార్డు ఉంటే వైద్యం అక్కడే. కానీ ఇవన్నీ నడవాలంటే ఆసుపత్రి చీటీలో గాయం ఎక్కడ, ఏ పనిలో ఉండగా అయ్యిందో రాయించాలి. ‘ఇంట్లో వేణ్ణీళ్లు పడ్డాయని చెప్పు, నేను చూసుకుంటాలే’ అన్న మాటకు తలూపితే తర్వాత చేతిలో ఏ ఆధారమూ మిగలదు. చీటీ రాసే డాక్టరుకు ఉన్నదున్నట్టే చెప్పండి.

షెడ్డు నడిపే మేస్త్రీలకు ఒక మనవి. రేపు పొద్దున షట్టర్ ఎత్తగానే మీ కుళాయి తిప్పి చూడండి. ధారగా ఇరవై నిమిషాలు నీళ్లు వస్తాయా, దాని ముందు టైర్లూ డబ్బాలూ అడ్డం లేకుండా చెయ్యి పెట్టేందుకు దారి ఉందా చూసుకోండి. నీళ్లు రాకపోతే మొదటి బండికి బానెట్ ఎత్తకముందే ప్లంబర్‌కు ఫోను చెయ్యండి.